సదరం కాగితం కాలేజీకి చేరితే...

నర్సీపట్నం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా 'సదరం' అంటే చాలు, అది వైకల్య శాతం తేల్చి ఇచ్చే ధ్రువపత్రమని అందరికీ తెలుసు, అదేమిటని ఎవరూ అడగరు. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవడం, శిబిరం రోజు తెల్లారకముందే బయల్దేరి ఆసుపత్రి వరండాలో వరుస కట్టడం, డాక్టరుగారు ఎంత శాతం వేస్తారోనని గుండె చిక్కబట్టుకోవడం దివ్యాంగులున్న ప్రతి ఇంటికీ అలవాటే. శాతం 40, ఆపైన ఉంటే పింఛను అర్హత. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6 వేల రూపాయలైంది కాబట్టి కాగితానికి గిరాకీ ఇంకా పెరిగింది. ఇంటికి రాగానే దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆధార్ కార్డు పక్కన భద్రంగా దాచేస్తారు.

అదే కాగితంతో డిగ్రీ సీటు వస్తుందని, మూడు గంటల పరీక్షను నాలుగు గంటలు రాయొచ్చని, చూపులేని అమ్మాయికి పాఠం అందేలా చూడటం కాలేజీ బాధ్యత అవుతుందని తెలిసిన ఇళ్లు మాత్రం తక్కువే. పింఛను సంగతి ఊరంతా మాట్లాడుకుంటుంది. చదువు సంగతి చెప్పే నాథుడు ఉండడు.

లెక్కలు చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 22.66 లక్షలు. దేశ జనాభాలో ప్రతి వెయ్యిమందికి 22 మంది అన్నమాట. చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీల్లో ప్రతి వెయ్యి సీట్లకూ 50 వీళ్లవే. కేంద్రం జరిపిన ఉన్నత విద్య సర్వేలో 2020-21లో దేశమంతటా కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థులు 4 కోట్ల పైచిలుకు ఉంటే, దివ్యాంగులు సుమారు 79 వేలు. అంటే వెయ్యికి ఇద్దరే. 50 సీట్లు ఉన్నచోట ఇద్దరే ఎందుకు కూర్చున్నారు? మిగతావాళ్లు ఏ మలుపులో ఆగిపోయారు?

పదో తరగతి తర్వాత మూసిన తలుపు

ఆ మలుపు ఎలా ఉంటుందో బొల్లా శ్రీకాంత్ కథ చెబుతుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఊరి బడిలో చివరి బెంచీ, ఆటల్లో ఎవరూ చేర్చుకోకపోవడం ఆయనే చాలాసార్లు చెప్పుకున్న జ్ఞాపకాలు. హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాలలో చేరాక చదువులో దూసుకుపోయాడు. పదో తరగతిలో మంచి మార్కులతో పాసై, ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటానన్నాడు. కుదరదన్నారు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి కనుక చూపులేని వాళ్లకు సైన్స్ గ్రూపు ఇవ్వరాదన్నది అప్పటి నిబంధన. ఆర్ట్స్ తీసుకోమన్నారు.

ఉపాధ్యాయురాలు స్వర్ణలత అండగా నిలిచారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆరు నెలల పోరాటం తర్వాత సైన్స్ చదవడానికి అనుమతి దక్కింది. పాఠ్యపుస్తకాలు ఆడియోగా మారాయి. ఆ చదువులో 98 శాతం మార్కులొచ్చాయి. ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోకపోతే అమెరికా యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టాడు. 2009లో ఎంఐటీలో అడుగుపెట్టాడు. విదేశాల నుంచి వచ్చి అక్కడ చేరిన తొలి అంధ విద్యార్థి ఆయనే. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి ఎందరో దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చాడు. 2024లో రాజ్‌కుమార్ రావు హీరోగా 'శ్రీకాంత్' సినిమా వచ్చాక ఈ కథ ఇంటింటికీ తెలిసింది.

సినిమా చూసినవాళ్లకు హీరో పట్టుదల గుర్తుంటుంది. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. చివరి బెంచీకీ 98 శాతానికీ మధ్య ఆ కుర్రాడి కళ్లలో మార్పేమీ రాలేదు. మారింది పుస్తకం. అచ్చులో ఉన్న పాఠం చెవికి వినిపించింది, బోర్డు మీది బొమ్మను ఎవరో ఓపిగ్గా మాటల్లో వివరించారు. ప్రశ్నపత్రం అదే, మార్కులు దిద్దిన పద్ధతీ అదే. పిల్లలు ఉన్నచోటికి చదువు చేరేలా చేసే ఇలాంటి మార్పునే చట్టం 'రీజనబుల్ అకామొడేషన్' అంటుంది. మన మాటల్లో తగిన వెసులుబాటు. ఇందులో జాలి మార్కులకు చోటు లేదు.

చట్టం ఏమంటోంది?

శ్రీకాంత్ కోర్టుకెళ్లిన రోజుల్లో అమల్లో ఉన్నది 1995 నాటి చట్టం. అందులో గుర్తించిన వైకల్యాలు ఏడే. దాని స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. వైకల్యాల జాబితా 21కి పెరిగింది. చూపు, వినికిడి, కదలికలకు తోడు డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు, ఆటిజం, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితులు కూడా ఈ గొడుగు కిందికి వచ్చారు.

32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలి. 'మాది ప్రైవేటు కాలేజీ, మాకు ఇవన్నీ వర్తించవు' అనే మాట తరచూ వినిపిస్తుంటుంది. సీట్ల కోటా మాట ఎలా ఉన్నా, 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థకూ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాన్ని అందుబాటులో ఉంచాలి, వెసులుబాటు కల్పించాలి. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్, అవసరమైతే రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు గురించి చెబుతుంది. అన్నిటికంటే పదునైనది నిర్వచనాల్లోనే ఉంది. ఇవ్వగలిగిన వెసులుబాటును నిరాకరించడమే వివక్ష కిందికి వస్తుంది.

కోర్టులూ ఊరుకోలేదు. కాలేజీల్లో 5 శాతం సీట్లు, అందుబాటులో ఉండే బోధన గురించి 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. భవనాలు, సేవల అందుబాటుపై రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న వచ్చిన తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాద్‌లోనే. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం దాన్ని రాసింది. అందుబాటు ప్రమాణాలు వీలుంటే పాటించే సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు కావాలని ఆ తీర్పు తేల్చింది.

పరీక్ష హాల్లో నాలుగో గంట

వెసులుబాటు అనగానే చాలామందికి గుర్తొచ్చేది స్క్రైబ్. విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే మనిషి. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పేపరుకు గంట కలుస్తుంది. ఇదేదో ఉదారంగా ఇచ్చినట్టు కనిపిస్తుంది కానీ, ఆ గంట ఎలా ఖర్చవుతుందో దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

చూపులేని విద్యార్థి భౌతికశాస్త్రం పేపరు రాయిస్తున్నాడనుకుందాం. ముందు ప్రశ్నపత్రమంతా చదివించుకోవాలి. కళ్లతో ఒకసారి తిరగేస్తే సరిపోయే పని కాదు, ఏ ప్రశ్న ఎక్కడుందో బుర్రలో పెట్టుకోవాలి. తర్వాత 'ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్ బై టూ' అని చెప్పాడు. రెండుతో భాగించాల్సింది మొత్తాన్నా, చివరి ఒకటినా? స్క్రైబ్‌కు ఆ సబ్జెక్టు తెలియకపోతే తోచినట్టు గీసేస్తాడు. అందుకే విద్యార్థి 'బ్రాకెట్లో ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్, బ్రాకెట్ అయిపోయింది, మొత్తం కింద రెండు' అని ఒక్కో గుర్తునూ విడమరచి చెప్పాలి. రాసింది మళ్లీ చదివించుకుని సరిచూసుకోవాలి. ఇంత చేసేసరికి పక్కవాళ్లు రెండో ప్రశ్నలో ఉంటారు.

పరీక్షకు రెండు రోజుల ముందే స్క్రైబ్‌ను కలిసి మాట్లాడుకునే అవకాశం ఉండాలన్న నిబంధన ఇందుకే పెట్టారు. ఆచరణలో చాలాచోట్ల పరీక్ష రోజు ఉదయం ఎవరో ఒకరిని వెతికి కూర్చోబెడతారు. స్క్రైబ్ తానే జవాబులు రాసేస్తాడేమోనన్న భయం నిర్వాహకులకు ఉంటుంది. విద్యార్థి తెచ్చుకునే స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టిన షరతు ఆ భయానికి జవాబు. కాలేజీ తరఫున స్క్రైబ్‌ల జాబితా ముందే సిద్ధంగా ఉంటే ఈ హడావుడే ఉండదు.

స్క్రైబ్ వెసులుబాటు 40 శాతం, ఆపైన ఉన్నవారికేనా? వేళ్లు పట్టేసి రాయలేని ఓ సివిల్స్ అభ్యర్థి ఈ ప్రశ్నతోనే సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వికాస్ కుమార్ కేసుగా పేరొందిన ఆ వివాదంలో 2021 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. రాయడం నిజంగా కష్టమైతే శాతం చూపించి స్క్రైబ్‌ను నిరాకరించడం తగదంది కోర్టు. అదే ఏడాది నవంబరులో నీట్ రాసిన ఓ డిస్‌గ్రాఫియా విద్యార్థినికి పరీక్ష కేంద్రంలో అదనపు గంట ఇవ్వకపోవడాన్నీ తప్పుపట్టింది. 40 శాతం లోపు వారి కోసం 2022 ఆగస్టులో కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది.

అను ఫాంట్ల చిక్కు

తెలుగు మీడియం విద్యార్థికి ఇంగ్లిష్ మీడియం వాళ్లకు లేని సమస్య ఒకటుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టిన నోట్సును తెర మీద చూస్తే 'వృక్షశాస్త్రం' అని ముచ్చటగా కనిపిస్తుంది. కంప్యూటర్ లోపల మాత్రం అక్కడ తెలుగు అక్షరమే లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, చిత్రవిచిత్రమైన గుర్తులు ఉంటాయి. వాటికి ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ వేషం కనపడదు. అది ఉన్న గుర్తులనే వరుసగా చదివేస్తుంది. వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపే చేతిరాత నోట్సు ఇంకా ఘోరం. అందులో చదవడానికి అక్షరాలే ఉండవు, ఉన్నది బొమ్మ మాత్రమే.

పరిష్కారానికి ఖర్చు లేదు. నోట్సును యూనికోడ్‌లో టైపు చేస్తే చాలు. మనం ఫోన్‌లో తెలుగు మెసేజ్‌లు కొట్టేది యూనికోడ్‌లోనే. కంప్యూటర్‌లో తెర చదివే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ తే అనే ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఎలాగూ ఉంటుంది. అంధుల కోసం కేంద్రం 2016 ఆగస్టులో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభించింది.

పుస్తకం స్కాన్ చేసిస్తే కాపీరైట్ గొడవ వస్తుందని వెనకాడే లైబ్రేరియన్లూ ఉంటారు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ఆ భయం తీర్చేసింది. అచ్చు పుస్తకం చదవలేని వారి కోసం ఆడియోగానో, బ్రెయిలీగానో మార్చడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదు. ఇదే లక్ష్యంతో కుదిరిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే.

బోర్డు వైపు తిరిగి చెప్పే పాఠం

వినికిడి లోపం ఉన్న విద్యార్థికి లెక్చరర్ పెదవుల కదలికే సగం పాఠం. ఆయన బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పుకుపోతే ఆ సగమూ పోతుంది. ముఖం క్లాసు వైపు పెట్టి మాట్లాడటం, పాఠం నోట్సు ముందురోజే ఇవ్వడం, ముందు బెంచీలో చోటివ్వడం పైసా ఖర్చులేని పనులు. మాట్లాడింది అక్షరాల్లో చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి ఉచిత యాప్‌లు ఫోన్లోకి వచ్చేశాయి. వాటిలో తెలుగూ ఉంది. తప్పులు దొర్లినా సందర్భం తెలిసిపోతుంది. సైన్ లాంగ్వేజ్ మీద ఆధారపడే వారికి మాత్రం ఇవి చాలవు, ఆ భాష తెలిసిన అనువాదకులు కావాలి. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ సంస్థ ఏర్పడినా చిన్న పట్టణాల కాలేజీల్లో అలాంటి అనువాదకులు అరుదు.

ఇక మెట్లు. ర్యాంపు కట్టామని చెప్పే చాలా భవనాల్లో అది జారుడుబల్లలా ఉంటుంది. ప్రమాణం ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. మూడు మెట్ల ఎత్తుకు నాలుగడుగుల రాతిపలక వాలుగా వేస్తే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. స్థలం లేదంటారా? ఆ విద్యార్థి ఉన్న సెక్షన్‌ను కింది అంతస్తుకు మార్చొచ్చు. టైంటేబుల్ వేసే లెక్చరర్ కలం కదిపితే చాలు.

1962లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో ఎడ్ రాబర్ట్స్ అనే విద్యార్థికి ఎదురైందీ ఇలాంటి చిక్కే. పోలియోతో మెడ కిందికి చచ్చుబడిన ఆయన రాత్రిళ్లు ఊపిరి కోసం పెద్ద ఇనుప యంత్రంలో పడుకోవాలి. దాన్ని మోసే గది ఏ హాస్టల్‌లోనూ లేదు. చివరికి క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. ఆయన వెనకే మరికొందరు వచ్చారు. ఆ బృందం పట్టుబట్టడంతో 1970లో దివ్యాంగ విద్యార్థుల కోసం ప్రత్యేక సహాయ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు యూజీసీ మన కాలేజీల్లో పెట్టమంటున్న 'సమాన అవకాశాల విభాగం' ఉద్దేశం కూడా ఇలాంటిదే.

ఏజెన్సీ ముఖద్వారంలో

నర్సీపట్నానికి ఓ ప్రత్యేకత ఉంది. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి వైపు నుంచి కొండ దిగి వచ్చేవారికి మొదట తగిలే పెద్ద ఊరు ఇదే. 2022లో జిల్లాలు విడగొట్టాక ఊరు అనకాపల్లిలో, ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడ్డాయి. పిల్లల చదువు, వైద్యం దారి మాత్రం మారలేదు. సదరం శిబిరానికైనా, కాలేజీకైనా కొండదారి బస్సు ఎక్కాల్సిందే. చేతికర్రతో నడిచే కుర్రాడికి పాఠం కన్నా ముందు ఆ బస్సు మెట్టే పరీక్ష పెడుతుంది.

ఇక్కడి కాలేజీలు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన వ్యాధి సికిల్ సెల్. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ వంశపారంపర్య రక్త వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. అప్పుడు వచ్చే ఒళ్లునొప్పులు భరించరానివి. చలి, ఒంట్లో నీరు తగ్గడం, అతి శ్రమ ఆ నొప్పిని రేపుతాయి. కొండమీది లంబసింగి చలి సంగతి వేరే చెప్పాలా! 2023 జులై 1న దీని నిర్మూలనకు కేంద్రం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. దివ్యాంగుల చట్టంలోనూ ఇది ఉంది. అయినా పైకి బాగానే కనిపించే పిల్ల నెలలో నాలుగు రోజులు రాకపోతే క్లాసులో పడేది 'ఎగ్గొడుతోంది' అన్న ముద్రే. హాజరు 75 శాతం లేదని పరీక్ష ఫీజు కట్టించుకోకపోతే చదువు అక్కడితో సరి.

ఆమెకు కావాల్సినవి చాలా చిన్నవి. నొప్పి వచ్చిన రోజులకు హాజరులో సడలింపు, తప్పిన ప్రాక్టికల్ మళ్లీ చేసుకునే వీలు, క్లాసులో నీళ్ల సీసా పెట్టుకోనివ్వడం, హాస్టల్‌లో వేడినీళ్లు, అదనపు దుప్పటి. వార్డెన్‌కు, క్లాసు టీచరుకు ముందే తెలిసి ఉంటే ఇవేవీ కష్టం కాదు.

చదువు అందితే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి పక్క ఏజెన్సీలోనే ఉదాహరణ ఉంది. రంపచోడవరం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారిగా పనిచేసిన కట్టా సింహాచలం చూపులేని ఐఏఎస్ అధికారి. కోనసీమ బిడ్డ.

అడగాల్సింది ఎలా?

ముందుగా సదరం ధ్రువపత్రంతో పాటు దివ్యాంగుల విశిష్ట గుర్తింపు (యూడీఐడీ) కార్డు ఉండాలి. అందులో 40 శాతం లోపువారికి తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం రంగు గీత ఉంటుంది. పింఛను రాని తెల్ల కార్డు వృథా అనుకోవద్దు, పరీక్షలో వెసులుబాటు అడగడానికి అది ఆధారం. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపుంటే ఇంటర్ నుంచి పీజీ దాకా కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి మాత్రం 40 శాతం వైకల్యం ఉండాలి.

కాలేజీలో చేరిన వారంలోనే ప్రిన్సిపాల్‌కు ఒక దరఖాస్తు ఇవ్వాలి. 'నేను దివ్యాంగుడిని, సహాయం చేయగలరు' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కింది అంతస్తులో క్లాసు, యూనికోడ్‌లో నోట్సు, ఫలానా సబ్జెక్టు తెలిసిన స్క్రైబ్, అదనపు సమయం అని ఒక్కొక్కటీ విడివిడిగా రాయాలి. పరీక్షల విభాగానికి ఫీజు కట్టేటప్పుడే మరో ప్రతి పంపాలి. హాల్‌టికెట్ వచ్చాక అడిగితే ఆలస్యమైందంటారు. ప్రిన్సిపాల్స్ కూడా అడ్మిషన్ ఫారంలో 'చదువుకోవడానికి నీకు ఏ ఏర్పాటు కావాలి?' అనే ఒక్క గడి చేర్చుకుంటే సగం సమస్యలు జూన్‌లోనే బయటపడతాయి.

కాదన్నా, సమాధానం ఇవ్వకున్నా దారులున్నాయి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆ పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో రుజువు ఉండాలి. అందుకని దరఖాస్తు ఇచ్చిన రోజే, రెండో ప్రతి మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకోండి.